తెలుపు కుదరని గడ్డం

మా ఇంట్లో మంచి వెలుతురు పడే చోటు ఒక్కటే ఉంది, ముందుగది కిటికీ పక్కన. పద్నాలుగు నెలలుగా అక్కడ ఒక రాక్షసుడు కాపరం ఉంటున్నాడు. జానెడున్నర ఎత్తు, భుజం మీద చెట్టుమొద్దు, నడుం చుట్టూ వేలాడే డాళ్ళు, బొడ్డు దాకా గడ్డం. వాడొచ్చాక నా కుట్టుమిషను అక్కణ్ణుంచి లేచి వంటగది గుమ్మం పక్కకి చేరింది. దారం ఎక్కించాలంటే నేను సూది పట్టుకుని కిటికీ దాకా నడవాలి. "కాస్త పక్కకి జరగండి, వెలుగుకి అడ్డం" అంటే, "వాడి మొహం ఇంకా ఆరలేదే, కదిలిస్తే దుమ్ము పడుతుంది" అంటాడు మా ఆయన. నా మొహం సంగతి అడిగే దిక్కు లేదు.

యాభై ఏడేళ్ళ మనిషి బొమ్మలకి రంగులేసుకుంటున్నాడని చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత నా వంక జాలిగా చూస్తారు. ఆ జాలి వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి. ఇవి పిల్లల బొమ్మలు కావు. బల్ల మీద యుద్ధం ఆడే ఆట ఒకటుంది. సైకిల్ షాపు మేడమీద గదిలో ప్రతి ఆదివారం పొద్దున పదిమంది దాకా చేరతారు, అందరూ మీసాలు నెరుస్తున్న మగమహారాజులే. పెద్ద బల్ల మీద గుట్టలూ వాగులూ కోటగోడలూ పేర్చి, వేలెడేసి సైనికుల్ని బారులు తీర్చి, పాచికలు విసిరి, టేపుతో దూరాలు కొలిచి, ఎవడి దండు ఎవడి దండుని మట్టుబెట్టిందో తేల్చుకుంటారు. నేను వారమంతా టేపు మెళ్ళో వేసుకుని బతికేదాన్ని. అర అంగుళం కోసం వాళ్ళు పడేంత గొడవ నేను పనిచేసే కుట్టు షాపులో ఏ ప్యాంటు దగ్గరా చూడలేదు.

ఆ గదిలో ఒక నియమం ఉంది. రంగు వెయ్యని బొమ్మ బల్ల ఎక్కకూడదు. బొమ్మలు పెట్టెలోంచి తీసినప్పుడు ఉత్త బూడిద రంగులో ఉంటాయి. వాటికి రంగులెయ్యడానికి ఓపికా, చెయ్యీ రెండూ ఉన్నవాళ్ళు తక్కువ. అలా వాళ్ళకి మా ఆయన దొరికాడు, ఆయనకి వాళ్ళు దొరికారు. అక్కడ అందరూ ఆయన్ని ఇంకు మాస్టారు అంటారు. ఆ పేరు ప్రెస్సు నుంచి వచ్చింది.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇంకులు కలిపాడు. సబ్బు మీది కాగితం, మందు డబ్బా, బిస్కెట్ పొట్లం, ఏది తెచ్చి ముందు పెట్టినా సరే, ఓసారి చూసి, గాజుపలక మీద నాలుగు ఇంకులు కత్తితో నూరి, అచ్చం ఆ రంగే తీసేవాడు. కొలతల్లేవు, కాగితం మీద రాసుకోవడాల్లేవు. "రంగు కంట్లో ఉంటుందే, డబ్బాలో ఉండదు" అనేవాడు. ఇంటికొచ్చాక కూడా ఊరుకునేవాడు కాదు. నేను ముచ్చటపడి కొనుక్కున్న బట్ట చూసి, అంచు ఎరుపూ లోపలి ఎరుపూ ఒకటి కాదని చెప్పేవాడు. ఒళ్ళు మండేది గాని, పగటి వెలుగులో పెట్టి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది.

ఆరేళ్ళ కిందట ఒక బిస్కెట్ పొట్లం పని వచ్చింది. పొట్లం మొత్తం మీగడ రంగులో ఉండాలి. ఆయన కలిపాడు, చూశాడు, "కానివ్వండి" అన్నాడు. లక్ష కాగితాలు అచ్చయ్యాయి. బిస్కెట్ల వాళ్ళు వచ్చి చూసి గగ్గోలు పెట్టారు. మీగడ కాదు, పాచి పట్టిన గోడలా ఉందన్నారు. ఓనరు పిలిచి చూపిస్తే, ఈయన నమూనా కాగితమూ అచ్చయిందీ పక్కపక్కన పెట్టుకుని, "తేడా ఎక్కడుందో మీరే చూపించండి" అని ఎదురు తిరిగాడు. పనివాళ్ళందరి ముందూ మాటా మాటా పెరిగింది. "కళ్ళు నెత్తికెక్కాయా మాస్టారూ" అన్నాడట ఓనరు. ఆ నెలాఖరుకి రంగులు కలిపే మిషనొకటి ప్రెస్సుకొచ్చింది, మా ఆయన ఇంటికొచ్చాడు.

వస్తూ వస్తూ ఆ రెండు కాగితాలూ వెంట తెచ్చుకున్నాడు. ఒకటి వాళ్ళిచ్చిన నమూనా, ఇంకోటి ఆయన అచ్చు వేయించింది. మంచం మీద పరిచి, "నువ్వు చెప్పవే. దారాలు చూసే కళ్ళు నీవి. తేడా ఉందా?" అన్నాడు.

నేను బట్టలు సరిచేసే షాపులో పనిచేస్తాను. అంచులు దించడం, జిప్పులు మార్చడం, చిరుగుల్ని కనబడకుండా కుట్టడం. గుడ్డ మీద నా దారం ఎవరికీ కనబడకూడదు, అదీ నా పనితనం. మా షాపులో తెల్లదారాలే పదకొండు రకాలున్నాయి. గుడ్డ పట్టుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళి ఒక్క చూపు చూస్తే, పదకొండింటిలో దాని జోడీ ఏదో చెప్పేస్తాను. అలాంటిదానికి ఆ తేడా తెలియదా? గదిలోకి అడుగు పెడుతూనే తెలిసింది. ఒకటి మీగడ, ఒకటి పాచి.

ఆయన మొహం చూశాను. రెండు రోజులుగా గీసుకోని గడ్డం, గోళ్ళలో ఇంకా వదలని ఇంకు. నా నోటివంకే చూస్తున్నాడు. "ఏం తేడా లేదు. వాళ్ళకే కళ్ళు లేవు" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆయన లేచి, మొహం కడుక్కుని, టీ అడిగాడు. రెండు కాగితాలూ మడతపెట్టి, తనకి అన్యాయం జరిగిందనడానికి సాక్ష్యంగా బీరువా అడుగున దాచుకున్నాడు.

బొమ్మల రంగులతో మొదట్లో ఏ చిక్కూ రాలేదు. ఆ రంగులు బొటనవేలంత సీసాల్లో వస్తాయి, సీసా మీద పేరుంటుంది. గోధుమ రంగని రాసున్న సీసా తీసి వేస్తే అది గోధుమ రంగే అవుతుంది. చెయ్యి మాత్రం ఇప్పటికీ బంగారం. పురుగు కాలంత కుంచెతో వేలెడు సైనికుడికి కనురెప్ప గియ్యగలడు. పైగా ఆ మధ్య ఆయనకి దగ్గరి చూపు బాగుపడింది. చదువుకునే కళ్ళద్దాలు తీసి నా మిషను మీద పడేసి, "నువ్వే పెట్టుకో, నాకిక అక్కర్లేదు. నా వయసు వెనక్కి నడుస్తోంది" అని ఒకటే కోతలు. నేనూ సంబరపడ్డాను. అది కంట్లో పొర ముదురుతున్న లక్షణమని డాక్టరమ్మ చెప్పేదాకా ఇద్దరికీ తెలిస్తేగా.

నా పాట్లు రాక్షసుడితో మొదలయ్యాయి. ఆ గదిలోవాళ్ళు రెండేళ్ళకోసారి ఒక ఆదివారం పెద్ద ఆట ఆడతారు, అందరి దండులూ ఒకే బల్ల మీద. ఈసారి నడిమధ్యన రాక్షసుడు నిలబడాలని అందరూ కలిసి వాణ్ణి తెప్పించారు. సైకిల్ షాపాయన ఆ పెట్టె తెచ్చి ఈయన ఒళ్ళో పెట్టి, "ఇది మీ చేతి మీదుగానే కావాలి మాస్టారూ" అన్నాడు. విప్పితే ముప్ఫైరెండు ముక్కలు. ఈయన వాటిని సబ్బునీళ్ళలో కడిగాడు. అచ్చులో పోసినప్పుడు మిగిలిపోయిన గీతల్ని బ్లేడుతో గీకేశాడు. చేతులూ కాళ్ళూ బరువుకి ఊడిపోకుండా సన్నటి కన్నాలు పెట్టి, లోపల తీగముక్కలు దూర్చి అతికించాడు. నల్లపూత ఒకటి కొట్టి ఆరబెట్టాడు. అంతా అయ్యాక తీరిగ్గా, "వీడికి సీసా రంగులు వెయ్యను. వీడి రంగులన్నీ నేనే కలుపుతాను" అన్నాడు. నాకు ఆ బిస్కెట్ పొట్లం గుర్తొచ్చింది.

ప్లాస్టిక్ డబ్బా మూతలో తడి స్పాంజీ, దాని మీద నూనె కాగితం. కాగితం మీద రంగులు చుక్కలు పెట్టుకుని, నీళ్ళు కలిపి పాలంత పల్చగా చేసి, పూత మీద పూత వేస్తాడు. ఒక్క మోకాలికి పదహారు పూతలు. రంగు చూడాలంటే పగటి వెలుగే కావాలని పట్టు. కాబట్టి పొద్దున ఏడింటికి కూచుంటే, నేను పదింటికి షాపుకి బయల్దేరేదాకా అక్కణ్ణుంచి లేవడు. నేను చెప్పులేసుకునే వేళకి సరిగ్గా పిలుస్తాడు.

"ఎలా ఉంది?"

ఏం చెప్పను? వాడి ఒళ్ళు ఎండకి కమిలిన రంగులో ఉండాలని ఆయన ఉద్దేశం. వచ్చింది మాత్రం నాలుగు రోజులు నీళ్ళలో నానినవాడి ఒళ్ళు. నీడ పడాల్సిన చోటల్లా ఊదా రంగు, ఎవరో కుళ్ళబొడిచినట్టు. ఇక గడ్డం. ముసలి రాక్షసుడు కదా, గడ్డం తెల్లగా ఉండాలి. ఆయన కంటికి ఏ తెలుపూ తెలుపుగా ఆనలేదు, పచ్చగా కనబడింది. అందుకని ఒక చుక్క నీలం కలిపాడు. చాలలేదు, ఇంకో చుక్క. చివరికి నీలిమందు ఎక్కువైన చొక్కాలా తయారైంది. ఆ రంగుతో మూడు వారాలు ఒక్కొక్క వెంట్రుకే గీశాడు. గడ్డంలో ఒక మూల పిట్టగూడుంది, గూట్లో ఆవగింజంత గుడ్లు మూడు. ఒక్కో గుడ్డు మీద చుక్కలు కూడా పెట్టి, పిల్లాడిలా నన్ను పిలిచి చూపించాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

రోజూ ఇదే. కొన్ని రోజులు జాలితో అన్నాను, కొన్ని రోజులు బస్సు వెళ్ళిపోతుందని అన్నాను. కొన్ని రోజులైతే నడుం లాగేస్తూ, కాళ్ళు పీకుతూ, ఈ కొంపలో నన్నెవరూ ఏదీ అడక్కుండా ఉంటే చాలన్నట్టు అన్నాను. కానీ అన్నిటి అడుగునా ఉన్నది భయమే. రాక్షసుడి రంగు తప్పని చెబితే, ఆ బిస్కెట్ పొట్లం రంగు కూడా తప్పని చెప్పినట్టే. ఓనరు అన్యాయం చేశాడనే ఒక్క మాట పట్టుకుని ఆయన ఆరేళ్ళు తలెత్తుకుని నడిచాడు. ఆ మాట నేనిచ్చిందే, నేనే ఎలా లాక్కోను?

ఒకసారి సైకిల్ షాపాయన చూసిపోదామని వచ్చాడు. మా ఆయన పైన కప్పిన గుడ్డ తీశాడు. అతను రాక్షసుణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నేను చూసిన చూపుకి నోట్లో మాట నోట్లోనే మింగేసి, "బ్రహ్మాండం మాస్టారూ" అన్నాడు. తరవాత మెట్ల దాకా సాగనంపబోతే మెల్లిగా, "ఏంటి వదినా, శవం లేచొచ్చినట్టున్నాడు" అన్నాడు.

"మీరు నోరు కట్టేసుకుంటే చాలు."

"నేను కట్టేసుకుంటాను. మిగతా తొమ్మిదిమంది సంగతో? ఆట రోజు అందరూ చూస్తారుగా."

"అప్పుడు చూద్దాం లెండి" అన్నాను. అప్పుడు ఏం చూస్తానో నాకే తెలియదు.

ఆటకి ఇంకా రెండు నెలలుందనగా ఒకరోజు ఆయన తప్పు బస్సెక్కి ఊరవతల డిపోలో తేలాడు. నంబరు అలికేసినట్టు కనబడిందట. కళ్ళు చూపించుకుందాం పదమంటే, "దగ్గరుంటే చీమకి కాళ్ళెన్నో చెబుతాను, నాకు డాక్టరేంటి" అన్నాడు. మూడు వారాలు చెవిలో జోరీగలా పోరితే గాని కదల్లేదు. నిజం చెప్పొద్దూ, పోరినన్నాళ్ళూ లోపల ఒక పక్క, ఈయన రాకపోతే బాగుండనే అనుకున్నాను.

డాక్టరమ్మ రెండు కళ్ళలోకీ దీపం వేసి చూసింది. "రెండిట్లోనూ పొర బాగా ముదిరిందండీ. ఏడెనిమిదేళ్ళ నుంచి పెరుగుతూ ఉండుంటుంది. రంగుల్లో ఏమీ తేడా తెలియలేదా? పసుప్పచ్చ అద్దంలోంచి చూస్తున్నట్టుంటుంది. నీలం అసలు ఆనదు."

"నాకా?" మా ఆయన నవ్వాడు. "నేను ఇంకు మాస్టార్నమ్మా."

ఆమె కూడా నవ్వి కాగితం మీద ఏదో రాసుకుంది. నేను తల వంచుకుని నేల మీది పలకలు చూస్తూ కూచున్నాను. ముందు కుడికన్ను చేస్తామనీ, ఎడమకన్ను నెలన్నర ఆగి చేస్తామనీ చెప్పింది.

ఆపరేషనై, కంటికి కట్టుతో ఆయన్ని ఇంటికి తెచ్చాను. మర్నాడు పొద్దున కట్టు విప్పుతారు. మధ్యాహ్నం మందు మత్తుకి ఆయన నిద్రపోయాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి రాక్షసుడి మీద గుడ్డ తీశాను. దులుపుతుంటే జారిపడ్డాడని చెప్పొచ్చు. నాలుగు తిట్లు తింటాను, నెల రోజులు మూతి ముడుచుకుంటాడు, తరవాత అంతా మామూలే. బిస్కెట్ పొట్లం బీరువా అడుగున హాయిగా ఉండిపోతుంది. రెండు చేతులతో ఎత్తాను. ఇంత బరువుంటాడని నాకు తెలియదు, పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ నన్ను ముట్టుకోనిచ్చింది లేదు. ఎత్తేసరికి గడ్డం నా కళ్ళెదురుగా వచ్చింది, ఆ గూడూ, చుక్కల గుడ్లూ. రంగు తప్పితే తప్పింది గాని, అంత పని ఎవరు చేస్తారు? నా చేతులు రాలేదు. మెల్లిగా కింద పెట్టేసి, ఆ బల్ల పక్కనే కూలబడి ఏడ్చాను.

కట్టు విప్పాక ఆయన ఆస్పత్రి గోడవంకే చాలాసేపు చూశాడు. "సున్నం కొత్తగా వేశారా?" అని అడిగాడు. బయటికొచ్చాక నా గొడుగు పట్టుకుని ఆగిపోయాడు. "ఇది ఊదా రంగా? బూడిద రంగు అనుకున్నానే ఇన్నాళ్ళూ." దారి పొడుగునా కనబడిన నీలం చొక్కానల్లా వేలెత్తి చూపించాడు. ఇరవయ్యేళ్ళు చిన్నవాడైపోయినట్టు బస్సులో మాటలే మాటలు. నేను ఊఁ కొడుతూ, బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండనుకుంటూ కూచున్నాను.

చెప్పులైనా విప్పకుండా వెళ్ళి గుడ్డ లాగాడు. నేను వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

"ఇలా రా" అన్నాడు.

వెళ్ళాను. అరచేత్తో కుడికన్ను మూసుకుని, "ఈ కంటితో బానే ఉన్నాడు" అన్నాడు. చెయ్యి ఎడమకంటి మీదకి మార్చాడు. "ఈ కంటితో..." అని ఆగిపోయాడు. మళ్ళీ చెయ్యి మార్చాడు, మళ్ళీ మార్చాడు. చివరికి చెయ్యి దించేశాడు. "నీకు మొదట్నుంచీ ఇలాగే కనబడ్డాడా?"

"ఊఁ."

"గడ్డం కూడా?"

"ఊఁ."

"రోజూ అడిగాను కదే."

"అడిగారు."

ఆయన బీరువా తెరిచి, అడుగు నుంచి ఆ రెండు కాగితాలూ తీసి, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను. "నాకూ అప్పుడు తేడా తెలియలేదు, నా కళ్ళూ పోయాయేమో" అని ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు ఆడినదాన్ని, ఇంకొక్కటి ఆడలేనా? ఆడలేకపోయాను. అప్పటికే ఒళ్ళంతా అలిసిపోయింది.

"ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఓనరు నిజమే చెప్పాడన్నమాట" అని కాగితాలు మడిచి కిటికీలో పెట్టేశాడు.

తిట్టుంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, ముఖం తిప్పుకోలేదు, భోజనం మానలేదు. పిలిస్తే వచ్చాడు, పెడితే తిన్నాడు. రోజుకి నాలుగుసార్లు కంట్లో చుక్కలు నేనే వెయ్యాలి. తల వెనక్కి వాల్చి కూచునేవాడు, నేను రెప్ప పట్టుకుని చుక్క వేసేదాన్ని. ఇద్దరి మొహాల మధ్యా బెత్తెడు దూరం ఉండేది, ఒక్క మాట ఉండేది కాదు. షాపులో ఒకావిడ కోటుకి తెల్లదారం బదులు ఇంకో తెల్లదారం వేసేశాను, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. బట్ట కత్తిరించే అమ్మాయి "ఒంట్లో బాలేదా అక్కా?" అని అడిగింది. బానే ఉందన్నాను.

ఆటకి మూడు వారాలుందనగా సైకిల్ షాపాయన వచ్చాడు. రాక్షసుడి మీద గుడ్డ లేదు, వారం నుంచీ ఎవరూ కప్పలేదు. మా ఆయన, "మీకూ తెలుసా?" అన్నాడు. అతను రాక్షసుడి వంక చూసి, "ఇలా కూడా ఒక అందం ఉంది మాస్టారూ. మంచుదేశపు రాక్షసుడు అనుకుంటాం" అన్నాడు.

"రంగు వెయ్యని బొమ్మ బల్ల ఎక్కకూడదని మీరేగా గోడ మీద రాసి పెట్టింది."

"దీనికి వేశారుగా."

"వెయ్యలేదు" అన్నాడు మా ఆయన. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి మెట్ల మీద నాతో ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి కుర్చీ కిటికీ దగ్గరికి జరిగి ఉంది. నా మిషను మీదున్న పాత కళ్ళద్దాలు తీసుకుని, ఎడమ అద్దానికి నల్లకాగితం అంటించుకుని, ఆయన గడ్డం మీద పని మొదలుపెట్టాడు. ఉన్నదాని మీదే పల్చగా కొత్త పూత. నేను నా పని చేసుకుంటూ చూస్తూనే ఉన్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. పదింటికి చెప్పులేసుకున్నాను. ఆయన అడగలేదు. కాసేపు చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను. అయినా అడగలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నంటే ప్రాణం విసిగిపోయిన దాన్ని, అది లేకపోయేసరికి గుమ్మం దాటడానికి కాళ్ళు రాలేదు.

నాలుగో రోజు టీ తీసుకెళ్ళి పక్కన పెట్టి, గడ్డం వంక చూశాను. కొత్త కంటికి ఇప్పుడు లోకమంతా నీలంగా అనిపిస్తోందో ఏమో, ఆ నీలాన్ని చంపడానికి మరీ ఇటు వచ్చేశాడు.

"పసుపు ఎక్కువైంది" అన్నాను.

కుంచె ఆగింది. ఆయన నావైపు తిరగలేదు. "ఎంత?"

"చాలా. పాత దిండుగలీబులా ఉంది."

ఆయన తడిగుడ్డతో ఆ పాయ తుడిచేశాడు. మూతలో తెల్లరంగు కొత్తగా ఒక చుక్క పెట్టుకుని, నీళ్ళు కలుపుతూ, నన్ను కాదు ఎవరినో అంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

"ఆ రోజు మంచం మీద కాగితాలు పరిచినప్పుడు ఇలాగే చెప్పుంటే, తిట్టేవాణ్ణి. గిన్నె విసిరేవాణ్ణేమో కూడా. కానీ మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గర కూచునేవాణ్ణి. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ ప్రెస్సులో ఉండేవాణ్ణి."

నేను ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆ పరువు కోసం, ఇరవై తొమ్మిదేళ్ళు చేసిన పని ఆయన చేతిలోంచి నేనే లాగేశాను. ఇలా ఎన్నడూ అనుకోలేదు. అనుకోవాల్సింది, ఆరేళ్ళలో ఒక్కరోజైనా. "తప్పు చేశానండీ" అన్నాను.

ఆయన కలిపిన రంగు కుంచె మొనతో తీసి, గడ్డం చివర ఒక్క వెంట్రుక గీశాడు. రాక్షసుణ్ణి వెలుగులోకి తిప్పి, కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు.

"చూడు. ఇది?"

వంగి చూశాను. ఆరేళ్ళ కిందటైతే, మూడు నెలల కిందటైతే, ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు.

"ఇంకా కాలేదు" అన్నాను.

ఆయన తల ఊపి, ఆ వెంట్రుక తుడిచేసి, మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.